చుక్కల గది, తీగల గది

"ఇదా వాదన?" మాస్టారు బల్ల గుద్దాడు. గ్లాసులో నీళ్లు ఒలికాయి.

సైన్సు మ్యూజియంలో ఉన్న రెండు గదుల్లో ఒకటి మూసేయాలి. మూసిన గది గైడుకు రేపటి నుంచి పని లేదు. కణాలంటే చుక్కలని చూపే చుక్కల గది ఉంచాలా, సన్నటి తీగలని చూపే తీగల గది ఉంచాలా అన్నది వాదన విని తేలుస్తానన్నాడు డైరెక్టరు. ఆయన వచ్చి రెండు రోజులే. "మీ పాత పద్ధతిలోనే కానివ్వండి" అన్నాడు, ఆ పద్ధతేమిటో అడిగే ఓపిక లేక.

మాస్టారి వెనక గోడ మీద, ఇరవై ఏళ్ల కిందట ఆయనే రాసిపెట్టిన అట్ట వేలాడుతోంది: "ఎదుటివాళ్ల మాట చెప్పడం చేతకానివాళ్లకు తమ మాట చెప్పే హక్కు లేదు." ఎదురుగా కూర్చున్న అమ్మాయి ఆయన శిష్యురాలే. ఇప్పుడు ఆయనతో పాటు రెండో గైడు.

"ఎలక్ట్రాన్ ఒక చుక్క సార్," అంది ఆమె ఆవలింత ఆపుకుంటూ. "పొడవుండదు, వెడల్పుండదు. అంతే."

"అంతేనా! రెండు చుక్కలు తాకితే మధ్య దూరం సున్నా. అక్కడ గురుత్వాకర్షణ లెక్క వేస్తే జవాబు అనంతం! లెక్క తగలబడిపోతుంది." మాస్టారు జేబులోంచి రబ్బరు బ్యాండు తీసి, రెండు వేళ్లకు సాగదీసి మీటాడు. "చుక్క బదులు సన్నటి తీగ అనుకోండి. ఒకలా వణికితే ఎలక్ట్రాన్, ఇంకోలా వణికితే కాంతి, మరోలా అయితే గురుత్వాకర్షణను మోసే కణం. అన్నీ ఆ తీగే. రెండు తీగలు కలిసేది ఒక్క చుక్క దగ్గర కాదు, కాస్త మేర పరుచుకుని కలుస్తాయి. అందుకే లెక్క నిలబడుతుంది."

"భలే!" డైరెక్టరు ముందుకు వంగాడు.

మాస్టారు ఆ మెప్పు పట్టించుకోలేదు. అమ్మాయి మీద విరుచుకుపడ్డాడు. "జవాబు చెప్పు!"

"ఏముంది చెప్పడానికి?"

"ఏముందా? ఆ తీగను ఎవడు చూశాడని అడగవేం? ఏ యంత్రానికీ అందనంత చిన్నదని నిలదీయవేం? ఇన్నేళ్ల ప్రయోగాలన్నీ చుక్క లెక్కతోనే సరిపోయాయని నోరు తెరిచి చెప్పవేం? నేను నేర్పింది ఇదేనా?"

ఆమె గోళ్లు చూసుకుంది. "మీరే చెప్పేశారుగా, మాస్టారూ."

ఆయన మొహం జేవురించింది. "చేతకాకపోతే జాలిపడేవాణ్ణి. నీకు చేతనవును. అదీ నా మంట!"

"కోపమెందుకండీ? మీరే నెగ్గారు," డైరెక్టరు నవ్వాడు. "తీగల గది ఉంటుంది, చుక్కల గది మూసేద్దాం. అంతా మీ పద్ధతి ప్రకారమే జరిగిందిగా?"

"అక్షరాలా," అన్నాడు మాస్టారు పళ్లు నూరుతూ.

అమ్మాయి తలెత్తలేదు. ఆయన రబ్బరు బ్యాండు ఆమె ముందు పడేసి లేచాడు. జేబు తడుముకుని తాళంచెవి తీసి డైరెక్టరు బల్ల మీదికి విసిరాడు.

అది ఇన్నేళ్లుగా ఆయన చూపిస్తున్న చుక్కల గదిది.