చీమల పరీక్ష

"చూడు, నూట పది! ఇంతకంటే ఏం కావాలి?" షుగరు చూసే మీటరు తెచ్చి కృపావతి ముఖం ముందు పెట్టింది నర్సు నాగలక్ష్మి.

కృపావతి మీటరు వంక చూడనే లేదు. "మరి సీమలెందుకు పడతన్నాయి నర్సమ్మా?"

నాగలక్ష్మి నవ్వు ఆపుకోవడానికి ప్రయత్నించింది. వెంట వచ్చిన ఆశా కార్యకర్త రత్నాలు ఆ ప్రయత్నం కూడా చెయ్యలేదు.

డుంబ్రిగుడకు పైన, కొండవాలులో ఉన్న ఆ ఊళ్ళో షుగరు కనిపెట్టేది చీమలే. ఒంటికి వెళ్ళిన చోట చీమలు పడితే షుగరున్నట్టు. పట్టకపోతే లేనట్టు. కృపావతి తల్లికి అలాగే తెలిసింది. ఆసుపత్రికి చేరేసరికే ఆలస్యమైపోయి మోకాలి దాకా కాలు తీసేశారు. ఆర్నెల్లకు మనిషీ పోయింది. అందుకే తనకూ షుగరుందని చెప్పిన రోజు కృపావతి కూతుర్ని పొదువుకుని, గోడకు ఆనుకుని ఏడ్చింది. "నాకేటైనా అయితే నా గుంటని ఎవులు సూస్తారు?"

నిజానికి అంత మంచి పేషెంటు ఆ మండలంలోనే లేదు. మాత్ర తప్పలేదు. నడవమన్నారు. కొండ మీద ఉండేవాళ్ళకు నడక నేర్పడమేమిటో గానీ, అదీ నడిచింది. వరన్నం మానేసి చోడి అంబలికి, అదే రాగి జావకి, వచ్చింది. "ఇంటిల్లిపాదీ అదే తినండి" అని డైటీషియన్ అంటే, ఇంటిల్లిపాదీ అదే తిన్నారు. నీళ్ళు బాగా తాగమంటే, కుండ మధ్యాహ్నానికే ఖాళీ అయ్యేది. మొగుడు ఫల్గుణ కొన్నాళ్ళు సణిగి ఊరుకున్నాడు. కూతురు రాజకుమారి సణగను కూడా లేదు. కాస్త చిక్కింది, అంతే. "అందరూ నాజూగ్గా తయారయ్యారే!" అని నాగలక్ష్మి ఫొటో తీసి డాక్టరుగారికి పంపింది. ఆయన తిరిగి ఒక బొటనవేలు బొమ్మ పంపారు.

ఇంటి వెనక ఆడవాళ్ళ కోసం ఫల్గుణ కట్టిన తడికల మరుగు ఉంది. రోజూ పొద్దున్నే కృపావతి అక్కడ వంగి చూసేది. చీమలు. నల్లగా, బారులు తీరి.

"మిషను మాట నమ్ముతావా, చీమల మాట నమ్ముతావా?" నాగలక్ష్మి విసుక్కుంది.

"మిషను మీది. సీమలు మావి. అవెందుకు అబద్దమాడతాయి?"

చెప్పీ చెప్పీ నర్సుకు నోరు నొప్పి పుట్టింది. కృపావతి చెవిన పెడితేగా! చీమలు పోవాలంటే షుగరు ఇంకా తగ్గాలనుకుంది. రాత్రి అంబలి మానేసింది. ఒక మాత్ర వేసుకోవలసిన చోట రెండు వేసుకుంది. ఒకరోజు కాఫీ పళ్ళు కోస్తూ కోస్తూ చెట్ల మధ్యే కూలబడిపోయింది.

ఆసుపత్రిలో మంచం చుట్టూ టీమంతా చేరింది. షుగరు మరీ పడిపోయిందట. ఇంకాస్త ఆలస్యమైతే మనిషి దక్కేది కాదట. డాక్టరు, డైటీషియన్, నర్సు వంతులవారీగా చీవాట్లు పెట్టారు. మొండితనమన్నారొకరు. మూఢనమ్మకమన్నారొకరు. వారం పాటు అక్కడే ఉంచి, దగ్గరుండి మాత్రలు వేయించారు. ఆఖరికి కృపావతే ఓడిపోయింది.

"ఇంక సీమల కేసి సూడను నర్సమ్మా" అని నెత్తిన చెయ్యి పెట్టుకుని ఒట్టేసింది. నాగలక్ష్మికి కళ్ళు చెమర్చాయి. ఇన్నాళ్ళ కష్టం ఫలించిందని పొంగిపోయింది.

ఇంటికి పంపే రోజు ఫల్గుణ వచ్చాడు. ఒక్కడే వచ్చాడు.

"గుంట ఏది?" అంది కృపావతి.

"తొంగుంది. నీరసమంట. లేపితే లేగనేదు. బేగి పద, జీపు ఎల్లిపోతాది."

మందుల సంచి అందిస్తూ నాగలక్ష్మి ఆటపట్టించింది. "ఏం ఫల్గుణా, ఇంతకీ మీ ఇంట్లో చీమలేమంటున్నాయి? పోయాయా?"

"ఏటి పోడం మేడమ్! ఇయాల పొద్దున్న కూడా తడికల ఎనకాల బిలబిలమన్నాయి" అన్నాడు ఫల్గుణ.

వారం రోజులుగా కృపావతి ఆసుపత్రిలోనే ఉంది. ఇంట్లో ఆ తడికల మరుగుకి వెళ్ళేది తొమ్మిదేళ్ళ రాజకుమారి ఒక్కతే.