పనావిడని మాన్పించాక

గదుల మూలలు సరిగా తుడవడం లేదని పనావిడని మాన్పించి నెలైంది. భార్యాభర్తలిద్దరివీ ఉద్యోగాలే. ఎంత వెతికినా ఇంకో మనిషి దొరకలేదు. అయినా రోజూ సాయంత్రం స్కూలు నుంచి పాపని తీసుకుని వచ్చేసరికి ఇల్లు అద్దంలా ఉంటోంది.

ఆ రోజు భోజనాల దగ్గర భర్త నవ్వాడు. "ఆఫీసు పనితోనే ఊపిరాడదంటావు. ఇల్లెప్పుడు తుడుస్తున్నావే?"

భార్య చేతిలో ముద్ద ఆగిపోయింది. "నేనా? మీరు తుడుస్తున్నారనుకుని మురిసిపోతున్నాను!"

ఇద్దరూ ఒక్కసారే వీధి తలుపు వైపు చూశారు.

"ఆవిడ దగ్గర తాళంచెవి తీసుకున్నావా?"

"మీరు తీసుకోలేదా?"

భర్త ఒక్క ఉదుటున లేచి వీధి తలుపుకి గడియ బిగించాడు. "ఇంకెలా వస్తుందో చూస్తాను!" అని అరిచాడు.

పాప కంగారుగా పెదవుల మీద వేలు పెట్టుకుంది.

"మెల్లిగా, నాన్నా! సామాన్ల గదిలో ఆంటీ ఇప్పుడే పడుకుంది."