రెండు పెడళ్ళ కారు

వేలూరు రోడ్డు ఎత్తు సగం ఎక్కేసరికి కారు మళ్ళీ వణికింది.

చలిజ్వరం తగిలిన ఎద్దులాగా ఒళ్ళంతా ఒకసారి విదిలించుకుని, ఆపైన ఏమీ ఎరగనట్టు సాగింది. స్టీరింగు పట్టుకున్న ఎల్లప్ప వెనక్కి తిరిగి చూడలేదు. చూడకపోయినా, వెనక సీటులో ఉన్న ఇద్దరికీ తెలిసిపోయిందని అతనికి తెలుసు. ఒకరు కారు యజమాని, చిత్తూరులో మామిడికాయల మండీ పెట్టిన దామోదరం. ఇంకొకరు ఆ కారు బేరానికి వచ్చిన బస్సుల చెంగల్రాయుడు.

వణక్కుండా ఎత్తు ఎక్కితే కారు అమ్మనని దామోదరం ఆ పొద్దునే ఎల్లప్పకు మాటిచ్చాడు. వణికితే చెంగల్రాయుడిది. ఆయన ఇంజను పీకి తన బస్సుకు పెట్టుకుంటాడు. తక్కిందంతా పాత ఇనుము.

యుద్ధం ముగిశాక అమెరికా మిలిటరీవాళ్ళు మద్రాసులో వదిలిపోయిన కారు అది. చుట్టుపక్కల అలాంటిది ఇంకోటి లేదు. అందులో క్లచ్చి పెడలే ఉండదు. గేర్లు వాటంతటవే మారతాయి. ఒకటి తొక్కితే పోతుంది, ఇంకోటి తొక్కితే నిలుస్తుంది. ఏడాదిన్నరగా ఎల్లప్పే దాని డ్రైవరు. ఇది పోతే లోకంలో తనకు ఇంకో బండి లేదని అతని గుబులు.

దాని గేర్ల పెట్టెలో పోసే నూనె వేరే. కారుతోపాటు ఆరు డబ్బాలు వచ్చాయి. ఆరూ అయిపోయాయి. ఏడోది మద్రాసంతా వెతికినా దొరకలేదు. ఎల్లప్ప రోజూ సీటులో కూర్చునే కింద పరిచిన చాప ఎత్తి, కొలత కడ్డీ తీసి, తెల్లగుడ్డకు తుడిచి చూసుకునేవాడు. తేనెరంగులో ఉండే నూనె రానురాను మాడిన బెల్లంపాకమైంది. మాడువాసన కూడా వేసింది.

మెకానిక్కు ఖాజా మొహిద్దీన్ ఆ నూనెనంతా గంగాళంలోకి దించి ఇచ్చాడు. ఎల్లప్ప పెళ్ళినాటి పంచెను భార్య అక్కమ్మ నాలుగు మడతలు వేసింది. నెయ్యి వడగట్టినట్టు ఇద్దరూ కూర్చుని చుక్కచుక్కా వడగట్టారు. పది రోజులు కారు పాములా జారిపోయింది. పదకొండో రోజు వణికింది.

“మడ్డి అయితే వడగడతామప్పా,” అన్నాడు ఖాజా. “నూనెలో పోయిన సత్తువను యాడినుంచి తెచ్చేది?”

ఆ పనికి అతను కూలి పుచ్చుకోలేదు.

ఇప్పుడు కారు ఎత్తు దిగి వచ్చి ఖాజా షెడ్డు ముందే ఆగింది. దామోదరం దిగి, అటు తిరిగి నిలబడ్డాడు. చెంగల్రాయుడు మాత్రం చుట్టూ తిరిగి డ్రైవరు పక్క కిటికీ దగ్గరికొచ్చాడు. ఆయన చెడ్డవాడేం కాదు. కారుతోపాటు ఒకడి కూడు కూడా పీకడం ఆయనకు ఇష్టం లేదు.

“పోతే పోనీలే అబ్బా. తిరపతి లైనులో నా బస్సొకటి ఉండాది. రేపే ఎక్కు.”

“వద్దులే సామీ.”

“ఈడికంటే జీతం ఎక్కవే ఇస్తా.”

“జీతం కాదు సామీ.”

“బర్మా దాకా మిలిటరీ లారీ తోలినోడివంట కదా. బస్సు నీకొక లెక్కనా?”

ఎల్లప్ప చూపు ఆయన్ని దాటి దామోదరం వీపు మీదికి పోయింది.

“అయ్యా, ఇంకొక్క నెల సూడండయ్యా. నూనె యాడన్నా దొరకతాది.”

“మూణ్ణెల్లుగా ఇదే మాట కదరా ఎల్లప్పా,” అన్నాడు దామోదరం, తిరిగి చూడకుండానే. ఆయన గొంతులో కోపం లేదు.

చెంగల్రాయుడికి మాత్రం ఒళ్ళు మండింది. పిలిచి పని ఇస్తుంటే వద్దనే డ్రైవరును ఆయన ఇంతవరకూ చూడలేదు.

“దొరల కారు తోలి సుకం మరిగినావు. క్లచ్చి తొక్కేది నామోషీ అయిపోయిందా నీకు?”

ఖాజా చేతిలోని పానా కింద పెట్టి, షెడ్డులోకి వెళ్ళిపోయాడు.

ఎల్లప్ప తాళంచెవి తీసి, పంచె కొంగుతో తుడిచి, చెంగల్రాయుడి చేతిలో పెట్టాడు.

తర్వాత తలుపు తెరిచి, సీటు కిందనుంచి చంకకర్ర లాగి నేలకు ఆనించి, బర్మా మిగిల్చిన ఒక్క కుడికాలి మీద మెల్లగా కిందికి దిగాడు.