అవ్వ వంతు

"అవ్వా, చెప్పులు బయట విడిచి రా. ఇప్పుడే తుడిచిన," అంది విజయశ్రీ, చర్చి గుమ్మంలో నిలబడి.

ముసలామె తన కాళ్లకేసి చూసుకుంది. చెప్పులు లేవు. ఉన్నదంతా ఎర్రమట్టి.

గడప అవతలికి వెళ్లి, కొంగుతో పాదాలు తుడుచుకుని మళ్లీ వచ్చింది.

"నువ్వేనా బిడ్డా, దేశం గాని దేశం పొయ్యేది?"

"అవునవ్వా. టాంజానియా. ఆడ సంఘాలు నడిపే పెద్దలకు తోడుండాలె. మూడేండ్లు."

తొంభై నాలుగు నాటి మాట ఇది. నారాయణగూడ మెన్నొనైట్ క్రైస్తవ సంఘంలో ఈ సంగతి తెలియనివారు లేరు. ఆర్నెల్లుగా విజయశ్రీ హడావుడి అంతా ఇంతా కాదు. పాస్‌పోర్టు వచ్చింది. టీకాలయ్యాయి. చిక్కడపల్లిలో సూట్‌కేసు కూడా కొనేసింది. అశోక్‌నగర్ కిరాయి గదిలో పొద్దున్నే అక్కడి స్వాహిలీ భాష బట్టీ పట్టేది. "మీకు సేవ చేయడానికి వచ్చాను" అన్న ముక్కయితే నిద్రలో లేపి అడిగినా తడుముకోకుండా చెప్పేది.

ఇక ఒక్కటే మిగిలింది.

పాలమూరు పల్లెల్లో సంఘం నడిపే పెద్ద ఎవరైనా ఆమెతో మాట్లాడి, పంపవచ్చునని ఉత్తరం ఇవ్వాలి. పరాయి దేశపు పెద్దలకు తోడుండబోయే మనిషి ముందు ఇక్కడి పెద్దల మెప్పు పొందాలని ఆమెను పంపే మిషన్ వాళ్ల నియమం. ఉత్తరం లేకుంటే ప్రయాణమే లేదు.

ఆ పెద్ద ఈ ఆదివారమే పాలమూరు నుంచి వస్తారని పాస్టరు రామచంద్రయ్య కబురు పెట్టి, తను ఊరు వెళ్లారు.

విజయశ్రీ కళ్లు గేటు మీదే ఉన్నాయి. జీపు చప్పుడు వినిపిస్తే చాలు, పైట సర్దుకుంటోంది.

"నీతోని జర మాట్లాడాలె బిడ్డా."

"ఇప్పుడు కాదవ్వా, పరేషాన్‌ల ఉన్న. పాలమూరు పెద్దలు వస్తున్నరు. జర గా బేసిన్లల్ల నీళ్లు పోస్తవా?"

"పోస్త తియ్యి."

ఆ రోజు ప్రభు భోజనం. దానికి ముందు ఒకరి పాదాలు ఒకరు కడగడం ఈ సంఘం ఆచారం. మగవాళ్లు హాల్లో, ఆడవాళ్లు పక్క గదిలో. పక్కపక్కన కూర్చున్న ఇద్దరూ జంట. ఒకరు కడిగాక రెండోవారు కడగాలి.

విజయశ్రీ పక్కన ముసలామె కూర్చుంది.

ముందు ఆమే వంగింది. మోకాళ్లు కటుక్కుమన్నాయి. విజయశ్రీ పాదాలు ఒళ్లో పెట్టుకుని, వేళ్ల సందులు కూడా వదలకుండా కడిగింది. తువ్వాలుతో అద్దింది. కళ్లు మూసుకుని చాలాసేపు ప్రార్థన చేసింది.

ఇక అవ్వ వంతు.

పగిలిన మడమలు. ఎడమ కాలికి పుండు, దానికి పాత గుడ్డ కట్టు.

అంతలో గేటు దగ్గర జీపు ఆగింది.

"పెద్దలొచ్చినట్టున్నరు అవ్వా! ఇప్పుడే వస్త!"

జీపులో మనిషి ఎవరిదో అడ్రసు అడిగి వెళ్లిపోయాడు. విజయశ్రీ కాసేపు గేటు దగ్గరే నిలబడింది. నిజం చెప్పాలంటే, ఆ పుండు ముట్టుకునే పని తప్పినందుకు ప్రాణం కాస్త హాయిగానే ఉంది.

తిరిగొచ్చేసరికి అవ్వ లేదు. బస్సుకు వేళయిందని పోయిందట. బేసిన్ కడిగి బోర్లించి ఉంది.

పది రోజులకు రామచంద్రయ్య కవరు తెచ్చారు.

"పంపమన్నరమ్మా నిన్ను."

"మరి ఎవరూ రాలేదు గదా అయ్యగారూ?"

ఆయన వింతగా చూశారు. "రాకపోవుడేంది? నలభై ఏండ్లు కాలినడకన తిరిగి పదకొండు ఊర్లల్ల సంఘాలు నిలబెట్టిన మనిషి. నీకోసమే వచ్చిపోయిండ్రు. ఈ ఉత్తరం రాయించిన మూడో దినం ప్రభువు దగ్గరికి పోయిండ్రు."

విజయశ్రీ కవరు విప్పింది.

"పిల్ల పనిమంతురాలు. పంపుండ్రి. పాదాలు శాన మెత్తగున్నయి, గట్టి చెప్పులిచ్చి పంపుండ్రి."

గడప మీద కూర్చుని మిగతాది చదివింది.

అడుగున సంతకం లేదు, కురుమమ్మ అన్న పేరు పక్కన వేలిముద్ర ఉంది, దానిపైన ఆఖరి మాట ఇది: "నా కాళ్లు కడగలేదని పిల్ల బాధపడ్తదేమో, వద్దనుండ్రి, అక్కడోళ్లయి కడిగితె నాయి కడిగినట్టే."