రెండు క్రెడిట్లు తక్కువ

పొద్దుగాల నుంచి మొగులు కమ్ముకొనే ఉంది, చినుకు మాత్రం రాలలేదు. సాయంత్రానికి ఆ మొగులు ఇంకా కిందికి దిగి కొడకండ్ల బస్టాండు మీద కూర్చుంది. ఎదురుగా ఉన్న ఇంటర్నెట్ సెంటర్లో రజిత కుర్చీని గోడ వైపు జరుపుకుంది, రోడ్డు మీదివాళ్లకు ముఖం కనపడకుండా.

“పెద్దవంగరల సెంటర్లు లేవా చెల్లె, ఇంత దూరం వచ్చినవ్?” అన్నాడు శ్రీకర్. సెంటర్ అతనిదే. పక్కనే అతని తండ్రి కిరాణా దుకాణం.

“అక్కడ అందరికీ మా నాయిన ఎరుకే. జర జల్ది కానియ్యన్నా, ఐదింటికి బంద్ అయితది.”

జనగామ అవతల ఉన్న దైవశాస్త్ర కళాశాలలో, డిగ్రీ అయినవాళ్లు చదివే మూడేండ్ల చదువుకు ఆమెకు సీటు వచ్చింది. ఇవాళ ఐదులోగా కోర్సులు ఎంచుకొని పంపకపోతే ఆ సీటు పోతుంది. ఇంట్లో టెట్ ఫారం అని చెప్పి వచ్చింది.

శ్రీకర్ జాబితాను కిందికి జరుపుతూ పోయాడు. “మా దుకాణంల సామాన్ల చిట్టీ నయం. గీ అక్షరాలేంది, గీ అంకెలేంది?”

“ఓటీ అంటే పాత నిబంధన. ఎన్‌టీ అంటే కొత్తది. ఐదు వందలవి మొదటి ఏడాదికి. ఆరు వందలవి ముట్టకు, ఇవి పాసైతేనే అవి ఇస్తరు.” వారం రోజులుగా చదివి చదివి ఆమెకు నోటికి వచ్చింది.

“హీబ్రూ సోమవారం పదికి. చర్చి చరిత్ర గూడ అప్పుడే.”

“చరిత్ర బుధవారం గూడ ఉన్నది చూడు. అది పెట్టు.”

ఒక్కొక్కటే టిక్కు పడింది. చివరికి తెర మీద ఎర్ర అక్షరాలు లేచాయి. పదహారు క్రెడిట్లు కావాలి, పద్నాలుగే అయ్యాయి.

“ఇంకొకటి పట్టాలె. అది గూడ ఇతర మతాల కోర్సుల నుంచేనట.” శ్రీకర్ వెతికాడు. “ఇస్లాం నిండింది. బౌద్ధం నిండింది. ఒక్కటే మిగిలింది.” ఆగి ఆమె వైపు తిరిగాడు. “లంబాడా తండాల దేవతలు, పూజలు. మీదే గదా! చదవకుండనే పాసైతవ్ పో.”

రజిత నవ్వలేదు.

“గది వద్దన్నా.”

“వద్దంటే సీటు పాయె. ఏమైంది?”

“మా నాయిన తండాకు భగత్తు. మా తల్లి దేవత మేరామ యాడికి పూజ చేసి భోగ్ పెట్టేది ఆయనే. నేను గా కాలేజికి పోతనంటేనే ఏమైతదో తెల్వది. మా దేవతల సంగతి గూడ వాళ్ల దగ్గర నేర్చుకోబోతున్నా అంటే...”

“మతం మారినవా?”

“లేదు. హాస్టల్ల ఉన్నప్పుడు బైబిలు చదివిన. అడిగేటివి శానా మిగిలినయి. గంతే.”

“గంతేనా! దానికి గింత భయమా?”

“మా బాబాయి గోప్యా బాప్తిస్మం తీసుకున్నడు. ఎనిమిదేండ్లాయె. మా నాయిన తిట్టలేదు, కొట్టలేదు. పలకరిస్తడు గూడ. గని బాబాయి కూసున్న వరుసల కూసోని ఇప్పటిదాక ఒక్క ముద్ద తినలేదు.”

శ్రీకర్ ఏదో అనబోయాడు. బయట జనగామ బస్సు వచ్చి ఆగింది. అటు చూసి రజిత బల్ల కిందికి వంగింది.

దిగినవాడు వాల్యా. ఉతికిన తెల్ల పంచె, ఎర్ర తలపాగా, చంకలో గుడ్డ సంచి. పెండ్లికి పోయినప్పుడు తప్ప ఆ పంచె పెట్టెలోంచి బయటికి రాదు. అతను రోడ్డు మధ్య నిలబడి సెంటర్ బోర్డు వైపు చాలాసేపు చూశాడు.

“మా నాయిన. పొద్దుగాల చేనుకు పోతనన్నడు.”

“నీ ఎంబడి పడ్డడా ఏంది?”

“తెల్వది.”

“నాలుగు నలభై. ఏం చెయ్యమంటవో చెప్పు.”

బల్ల కింద నుంచే ఆమె అంది. “పెట్టు.”

టిక్కు పడింది. ఎర్ర అక్షరాలు పోయి పచ్చవి వచ్చాయి. శ్రీకర్ చదివాడు. “నీ పేరు, ఊరు కోర్సులు చెప్పే సార్లకు పంపిండ్రట.”

“ఊరు గూడనా?” అంది రజిత.

తండ్రి ఎక్కిన ఆటో కనుమరుగయ్యాక ఆమె ఇంకో ఆటో ఎక్కింది. తండా చేరేసరికి దీపాలు పెడుతున్నారు. తల్లి సీతాబాయి వాకిట్లోనే చెయ్యి పట్టి ఆపింది.

“ఏం చేసినవే? మీ నాయినకు ఏదో ఫోనొచ్చింది. నీ పేరు రెండుసార్లు అన్నడు.”

వాల్యా లోపల గోడకు ఆనుకొని కూర్చున్నాడు. పంచె ఇంకా విప్పలేదు.

“ఫారం పెట్టినవా?”

“పెట్టిన.”

“టెట్టుదేనా?”

అబద్ధం నాలిక దాకా వచ్చింది. మింగింది.

“కాదు నాయినా.”

సీతాబాయి గాబరాగా జొన్న రొట్టెలు, పప్పు వడ్డించింది. రజిత తన పళ్లెం తీసుకొని పొయ్యి దగ్గరికి నడిచింది. నాయిన లేచిపోవడం చూసేకంటే తానే దూరం కూర్చోవడం నయం.

“ఇటు రా,” అన్నాడు వాల్యా.

వచ్చి పక్కన కూర్చుంది. అతను రొట్టె తుంచి పప్పులో అద్దుకున్నాడు. తిన్నాడు. ఇప్పుడు లేస్తాడు, ఇప్పుడు లేస్తాడని రజిత రొట్టెను ముక్కలు చేస్తూ ఉండిపోయింది. అతను లేవలేదు. రెండో రొట్టె పెట్టించుకున్నాడు. సీతాబాయి కూడా వచ్చి కూర్చుంది. ముగ్గురూ తిన్నారు.

చెయ్యి కడుక్కున్నాక వాల్యా అన్నాడు, “ఇయ్యాల గా కాలేజికే పోయొచ్చిన. గా తండా కోర్సు చెప్పేది నేనే.”