ఎవరూ లేని లంక

వరదలో దుంగ పట్టుకుని కొట్టుకొచ్చిన ఎలుకలు ఏటి నడుమ లంకలో దిగాయి. "తాబేలు తాతా, కాస్త తోకలు ఆరబెట్టుకుని పోతాం" అన్నాయి. తాబేలు తను ఎండ కాచుకునే బండ దిగి చోటిచ్చింది. తడిసొచ్చినవాళ్లకి ఎండ వదలడం తాబేళ్ల మర్యాద.

తోకలు ఆరాయి. ఎలుకలు మాత్రం కదల్లేదు. బొరియలు తవ్వాయి, రెల్లు కొరికేసి పొలాలు చేశాయి, ఆ బండ మీదే మిల్లు కట్టాయి. పొగ కమ్మింది, నీళ్లు నల్లబడ్డాయి. "ఈ నీళ్లు ఎలా తాగేదిరా?" అని తాబేలు అరిస్తే, "అభివృద్ధి తాతా, నీకు తెలీదులే" అన్నాయి.

ఏటా పండగనాడు పెద్దెలుక ఉపన్యాసమిచ్చేది. అందరికీ కనబడాలని తాబేలు వీపెక్కి మరీ చెప్పేది: "మనం వచ్చేనాటికి ఈ లంకలో ఒక్క ప్రాణి కూడా లేదు!"

"ఒరేయ్, నేనున్నానురా! నీ కాళ్ల కిందే ఉన్నాను!" అని తాబేలు మొత్తుకునేది.

"కదలకు తాతా, పడిపోతాను" అనేది పెద్దెలుక.

ఒక ఏడు మళ్లీ వరదొచ్చింది. ఈసారి దుంగ మీంచి పందికొక్కులు దిగాయి. "కాస్త తోకలు ఆరబెట్టుకుని పోతాం" అన్నాయి.

ఎలుకలు హడలిపోయి తాబేలు దగ్గరికి పరిగెత్తాయి. "తాతా, ఈ లంక మాదేనని నువ్వైనా చెప్పు! మొదట్నుంచీ ఇక్కడున్నవాడివి నువ్వే కదా!"

"నేనెక్కడున్నానర్రా? మీరొచ్చేనాటికి ఒక్క ప్రాణి కూడా లేదుగా!" అని తాబేలు తల డిప్పలోకి లాక్కుంది.