గాలి వెనక్కి వెళ్ళే దారి

అత్తగారు పెట్టె సర్దుకుంటోంది.

"ఆదివారం మా అమ్మాయింటికి వెళ్ళిపోతానమ్మా. ఈ గదిలో ఉడికిపోవడం ఇక నా వల్ల కాదు" అంది.

కోడలికి ఆ మాట మింగుడుపడలేదు. లోకంలో అత్తాకోడళ్ళ సంగతి ఎలా ఉన్నా, ఈ ఇంట్లో ఆమెతో నోరారా మాట్లాడే మనిషి అత్తగారొక్కతే. భర్త లేకపోలేదు. ఆయన పొద్దున్నే వెళ్ళి చీకటి పడ్డాక వస్తాడు, వచ్చాక టీవీతో కాపురం చేస్తాడు.

ఇల్లంతటికీ ఒకటే ఏసీ. సీలింగ్ పైనున్న గొట్టాల్లోంచి గదిగదికీ చల్లగాలి వస్తుంది. అత్తగారి గదికి మాత్రం రానంటే రానని మొండికేసింది. నెల రోజులుగా కోడలు ఈ సంగతి భర్త చెవిన వేస్తూనే ఉంది. "ఆదివారం చూద్దాంలే" అన్నాడు. నాలుగు ఆదివారాలూ సోఫా మీదే గడిచిపోయాయి. గట్టిగా అడిగితే, ఇంటికొచ్చాక కూడా ఈ గోలేనా అని విసుక్కున్నాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది.

ఇక లాభం లేదని కోడలే ఏసీ కంపెనీ యాప్ తెరిచింది. అందులో ఒక మెకానిక్‌ని కస్టమర్లు ఆకాశానికెత్తేశారు. మహా ఓపిక గల మనిషట, పనయ్యాక నేల కూడా తుడిచి వెళ్తాడట. ఒక్కో పొగడ్తనీ రెండేసిసార్లు చదివింది. కంపెనీకి ఫోన్ చేసి, పంపితే అతన్నే పంపాలని పట్టుబట్టింది.

మర్నాడు పదకొండింటికి వచ్చాడు. నీలం యూనిఫాం, చేతిలో పనిముట్ల పెట్టె. గేటు దగ్గరే ఆగి ఫోన్‌లో అడ్రస్ ఒకటికి రెండుసార్లు చూసుకున్నాడు. వెనక్కి తిరుగుదామా అన్నట్టు కాసేపు నిలబడ్డాడు. కానీ ఆ కంపెనీకి ఒక పద్ధతుంది. పని పూర్తయ్యాక కస్టమర్ ఫోన్‌కి నాలుగంకెల నంబర్ వస్తుంది. కస్టమర్ అది చెబితే గానీ మెకానిక్‌కి ఆ రోజు హాజరు పడదు.

కోడలు తలుపు తీసి ఎంతో మర్యాదగా "రండి" అంది.

అత్తగారు అతన్ని చూసి ఏదో అనబోయింది. కోడలు కళ్ళతోనే ఆపేసింది. ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మంచం మీద కూర్చుంది.

"చెప్పండి మేడమ్, ప్రాబ్లమ్ ఏంటి?" అన్నాడు మెకానిక్, నేలచూపులు చూస్తూ.

కోడలు నెల రోజుల కథా మొదటినుంచీ చెప్పుకొచ్చింది. అతను ఒక్క మాటకీ అడ్డు రాకుండా విన్నాడు. చెప్పింది వినే మనిషి దొరికితే ప్రాణానికి ఎంత హాయో ఆమెకి అప్పుడే తెలిసింది.

అతను చేతిలో కాగితం ముక్క పట్టుకుని, గాలి ఎటు పోతోందో చూస్తూ గదంతా తిరిగాడు. గదిలోకి గాలి వచ్చే దారి ఉంది గానీ, దాన్ని వెనక్కి లాక్కునే రిటర్న్ జాలీ హాల్లో ఒక్కటే ఉందన్నాడు. తలుపు మూస్తే లోపలి గాలి కదలదు, అది కదిలితేనే కొత్త గాలి వస్తుందని తేల్చాడు.

"ఈ తలుపు ఎప్పుడూ మూసే ఉంచుతారా మేడమ్?"

"ఏం చెయ్యమంటారు? హాల్లో మా ఆయన టీవీ మోత. తగ్గించమంటే వినరు."

మెకానిక్‌కి పొలమారింది.

మంచం మీద ప్లాస్టిక్ షీటు పరిచి, సీలింగ్ కొలిచి, కోసి, కొత్త జాలీ బిగించి, దాన్ని గొట్టంతో మెషీన్‌కి కలిపాడు. రెండు గంటలు పట్టింది. పనిలో పనిగా హాల్లో పాత జాలీ కూడా దులపమంది కోడలు. దులిపాడు. నేల కూడా తుడిచాడు.

గది చల్లబడింది. అత్తగారు పెట్టెలోని బట్టలు తీసి మళ్ళీ బీరువాలో పెట్టుకుంది.

"నంబర్ చెబుతారా మేడమ్?" అని మెకానిక్ గుమ్మంలో నిలబడి అడిగాడు. కోడలు ఒక్కో అంకే తీరిగ్గా చెప్పింది. అతను వెనక్కి చూడకుండా వెళ్ళిపోయాడు.

కోడలు తలుపు గడియపెట్టి వచ్చి, "పన్నెండేళ్ళ కాపురంలో మీ అబ్బాయి నా మాట పూర్తిగా వినడం ఇదే మొదటిసారి అత్తయ్యా" అంది.